బ్రేకు మేడం కుడిచెవి

నేను కారు నడపడం నేర్చుకున్నది బ్రేకు మేడం దగ్గర. ఆ పేరు ఆవిడకి నాకంటే ముందు నేర్చుకున్నవాళ్ళెవరో పెట్టారు. డ్రైవింగ్ స్కూలు కార్లలో నేర్పేవాళ్ళ కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. మిగతా మాస్టర్లు దాన్ని అస్తమానం తొక్కుతూ పక్కవాళ్ళని హడలగొడతారు. ఈవిడ దానిమీద పాదం ఊరికే ఆనించి ఉంచుతుంది. పని మాత్రం నోటితో చేయిస్తుంది. "బ్రేకు" అని, ఎవరినో మంచినీళ్ళు అడిగినంత మామూలుగా అంటుంది. మన కాలు దానంతటదే దిగిపోతుంది.

ఆవిడ రెండు చెవుల వెనకా వినికిడి మిషన్లు ఉంటాయి. జుట్టు మీదికి లాక్కుని వాటిని దాచుకోవడం ఆవిడకి అలవాటు లేదు. వెనక్కి దువ్వి బిగించి ముడేస్తుంది. మొదటిరోజే చెప్పేస్తుంది: "నాకు చెవుడుంది. మిషన్లు పెట్టుకుంటే బాగానే వినిపిస్తుంది. మీరు గొణక్కుండా మాట్లాడితే చాలు. గొణిగితే చెవులు బాగున్నవాళ్ళకీ వినిపించదు."

ఆ మిషన్లలో ఒకటి ఆవిడని కారులోంచి దింపేసిన సంగతి, మళ్ళీ ఎలా ఎక్కిందన్నదీ నాకు కొంత ఆవిడ చెబితే తెలిసింది, కొంత వాళ్ళ వదినగారు చెబితే తెలిసింది. వదినగారంటే మేడం భర్తకి అక్క. టెలిఫోన్ ఆఫీసులో పనిచేసి రిటైరై తమ్ముడి ఇంట్లోనే ఉంటోంది. జీవితమంతా ముక్కూ మొహం తెలియనివాళ్ళతో ఫోన్లో మాట్లాడిన మనిషి కాబట్టి ఒక్కో అక్షరాన్ని కడిగి ఆరబెట్టినట్టు పలుకుతుంది.

మేడంకి చెవుడు పుట్టుకతో వచ్చింది కాదు. ఆవిడ కూతురు బడికెళ్ళే వయసుకి వచ్చాక నెమ్మదిగా మొదలైంది. మొదట్లో ఇంట్లోవాళ్ళకి అర్థంకాలేదు. పిలిస్తే పలకదు, అడిగినదానికి అడ్డదిడ్డంగా జవాబిస్తుంది. ఉద్యోగంలో చేరాక పొగరెక్కిందనుకున్నారు. ఆ మాట ముందుగా అన్నది వదినగారే. ఒకరోజు స్టవ్వు మీద పాలు పొంగి చుయ్‌మంటూ మంటలో పడుతుంటే, పక్కనే నిలబడి తాపీగా కూరగాయలు తరుగుతున్న మరదల్ని చూసి ఆవిడే పరుగెత్తి స్టవ్వు ఆపేసింది. పొగరున్నవాళ్ళకి కూడా పాలు పొంగడం వినిపిస్తుంది కదా. ఆ సాయంత్రమే మరదల్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది.

మిషన్లు వచ్చాక వాటికి అలవాటుపడటానికి ఏడాది పట్టింది. పేపరు మడిస్తే రేకు మీద వాన పడ్డట్టుండేదట. భర్తది ఫోటోలకి ఫ్రేములు కట్టే షాపు. ఆయన గాజు కోస్తుంటే ఆవిడ వీధిలోకి పారిపోయేది. ఆ తర్వాత ఏ శబ్దం ఎంత దూరంలో ఉందో, ఏది పట్టించుకోవాలో, ఏది వదిలేయాలో మెదడు నేర్చుకుంది. ఇంజను ఆగిపోబోయే ముందు వచ్చే వణుకు, వెనక వచ్చే మోటారు సైకిలు, పక్కసీటులో వణికే గొంతు, అన్నీ విడివిడిగా వినిపించసాగాయి. కారులో నేర్చుకునేవాళ్ళు ఆవిడకి కుడిపక్కన కూర్చుంటారు. అందుకని కుడిచెవి మిషన్ని ఆవిడ కంటికి రెప్పలా చూసుకునేది.

ఆ కుడిచెవి మిషనే దెబ్బతింది. వానాకాలం. రెయిన్‌కోటు టోపీ వెనక్కి లాగేసరికి ఏదో టక్కుమంది. చేత్తో తడుముకుంటే మిషన్ ఒక ముక్క, హుక్కు ఒక ముక్క. హుక్కంటే మిషన్‌ని చెవి మీద నిలబెట్టే, వంపు తిరిగిన చిన్న ప్లాస్టిక్ గొట్టం. దాని చివర మెత్తటి ట్యూబు, ట్యూబు చివర చెవిలో కూర్చునే అచ్చు ఉంటాయి. మిషన్‌లో పుట్టిన శబ్దం హుక్కులోంచి, ట్యూబులోంచి, అచ్చులోంచి చెవిలోకి వెళుతుంది. హుక్కు మెడ దగ్గర పుటుక్కున విరిగింది. అంతకుమించి ఏమీ కాలేదు. మిషన్ నిక్షేపంగా ఉంది.

మర్నాడు పొద్దున్నే మిషన్లు కొన్న షాపుకి వెళ్ళింది. కౌంటర్లో ఉన్న అమ్మాయి మిషన్‌ని అటూ ఇటూ తిప్పి చూసి, కంప్యూటర్లో వెతికి, తల అడ్డంగా ఊపింది.

"ఈ మోడల్ కంపెనీవాళ్ళు ఆపేశారు మేడం. హుక్కులు కూడా రావడంలేదు. కొత్త మిషన్ చూపించమంటారా?"

"కారుకి టైరు పగిలితే కారు మార్చమంటావా?"

"టైరు దొరక్కపోతే ఏం చేస్తాం మేడం. ఉందని చెప్పి మిమ్మల్ని తిప్పించుకోలేను కదా."

ఆ అమ్మాయి మాటలో మోసం లేదని మేడంకి తెలుస్తూనే ఉంది. కొత్త మిషన్ అంటే మళ్ళీ ఏడాది పాటు పేపరు చప్పుడుకి ఉలిక్కిపడటం అన్న సంగతీ తెలుసు. పాతదాన్ని సంచిలో వేసుకుని వచ్చేసింది.

ఇంట్లో ఎవరికి తోచిన వైద్యం వాళ్ళు మొదలుపెట్టారు. భర్త ఫ్రేములకి వాడే జిగురుతో అతికించాడు. పొద్దున అతికితే మధ్యాహ్నానికి ఊడింది. పైగా జిగురు కొంచెం గొట్టంలోకి దిగి దారి మూసేసింది. "గాజుకైతే పట్టేస్తుంది" అన్నాడాయన. "నా చెవి కిటికీ కాదండీ" అంది మేడం. వదినగారు ఫోన్లో వెతికి, "ఏ మిషన్‌కైనా సరిపోతుంది" అని రాసి ఉన్న హుక్కు ఒకటి తెప్పించింది. అది కాస్త తిరిగి బిగుసుకుంది. మరికాస్త బలంగా తిప్పితే కూర్చుంది. చూడటానికి అచ్చం పాతదానిలాగే ఉంది.

పెట్టుకోగానే తేడా తెలిసింది. స్పూను కింద పెడితే చెవిలో సూది గుచ్చినట్టయింది. తల తిప్పితే మిషన్ కుయ్యిమని ఈల వేసింది. ఆ ఈల భరించలేక సౌండు తగ్గించుకుంది. తగ్గిస్తే ఈల పోయింది, దాంతోపాటు మనుషుల గొంతులూ కొంచెం లోపలికి పోయాయి. "మొదట్లో అన్నీ ఇలాగే ఉండేవి కదా, అలవాటైపోతుందిలే" అని తనకి తనే చెప్పుకుని కారెక్కింది.

ఆ రోజుల్లో ఆవిడ దగ్గర మందుల షాపాయన ఒకరు నేర్చుకుంటున్నాడు. యాభై దాటిన మనిషి. బయటికి వినిపించకుండా మందుల పేర్లు చెప్పి చెప్పి ఆయన గొంతు అలాగే తగ్గిపోయింది. మంచివాడు, భయస్థుడు. ప్రతి పనికీ అనుమతి అడుగుతాడు. గేరు మార్చనా, లైటు వేయనా, హారను కొట్టనా.

ఆ సాయంత్రం నాలుగురోడ్ల కూడలి దగ్గర కారు ఆగీ ఆగకుండా నెమ్మదించింది. ఎడమవైపునుంచి బస్సు వస్తోంది. ఆయన దాన్ని చూడలేదు. ముందున్న ఆటో కదలడం చూసి, "పోనా మేడం?" అని అడిగాడు. ఇండికేటర్ టిక్కుటిక్కుమని చెవిలో సుత్తితో కొడుతోంది. ఆ చప్పుళ్ళ మధ్య ఆవిడకి "ఆపనా" అన్నట్టు వినిపించింది.

"ఊఁ" అంది.

కారు ముందుకి దూకింది. ఆవిడ కాలు బ్రేకు మీద పడింది. బస్సు వాళ్ళ బంపర్ని ఒరుసుకున్నంత దగ్గరగా వచ్చి ఆగింది. బస్సు డ్రైవరు కిటికీలోంచి వంగి నానా మాటలూ అన్నాడు. ఆ మాటలు మాత్రం మేడంకి చక్కగా వినిపించాయి. మందుల షాపాయన స్టీరింగు పట్టుకుని, "మీరు పొమ్మన్నారు కదండీ" అని ఏడుపు గొంతుతో అన్నాడు.

"అన్నానండీ. తప్పు మీది కాదు. నాకు ఆపనా అని వినిపించింది."

కారు పక్కకి తీయించి, తనే స్టీరింగు దగ్గరికి మారి, ఆయన్ని షాపు దగ్గర దింపింది. తర్వాత నేరుగా స్కూలు ఓనరు గదిలోకి వెళ్ళి జరిగినదంతా చెప్పింది. దాచి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. కారుకి గీత కూడా పడలేదు.

ఓనరు ఆవిడకంటే చిన్నవాడు. అతని చెల్లెలికి కారు నేర్పింది కూడా ఈవిడే. "పోనీలెండక్కా, రెండు రోజులు రెస్టు తీసుకోండి" అన్నాడు.

"రెస్టు దేనికి? నేను అలిసిపోలేదు. చెవి సరిగ్గా లేదు. అది సరిగ్గా అయ్యేదాకా కారెక్కను."

"అయితే ఇక మీదట ఆఫీసులోనే ఉండండి. బోర్డు మీద ట్రాఫిక్ గుర్తులు చెప్పేవాళ్ళు నాకూ కావాలి. ఎండావానా లేని పని."

"అప్పటిదాకా చెబుతాను. ఇక మీదట మాత్రం కాదు."

అతను మంచికే అన్నాడు. ఆవిడకి కోపం రాలేదు. కానీ ఇంటికొచ్చి, ఆ హుక్కుని జాగ్రత్తగా వెనక్కి తిప్పి ఊడదీసి, టేబులు మీద పెట్టి, అన్నం తినకుండా చాలాసేపు దానివంకే చూస్తూ కూర్చుందట. భర్త వచ్చి పక్కన కూర్చుని, "కొత్తది కొనుక్కుందాం, నేను చూసుకుంటాగా" అన్నాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"కొత్తదైనా ఏదో ఒకరోజు దాని హుక్కూ విరుగుతుంది. అప్పుడు మళ్ళీ ఇంకోటి కొంటామా? అసలు దీనికి ఏది సరిపోతుందో, ఏది సరిపోదో ముందు నాకు తెలియాలి."

పెద్దాసుపత్రిలో వినికిడి పరీక్షలు చేసే విభాగం ఒకటుంది. నేలమాళిగలో, లాండ్రీ పక్కన. అక్కడ పనిచేసే డాక్టరమ్మ చిన్నపిల్లలా కనిపిస్తుంది గానీ పనిలో మాత్రం ఘటికురాలు. రోగులు పెదవులు చూడాలని మాస్కు కిందికి లాగి మాట్లాడుతుంది. మేడం చెప్పినదంతా విని, మిషన్‌ని వదినగారు ఫోన్లో తెప్పించిన హుక్కుతో సహా శబ్దం కొలిచే ఒక చిన్న పెట్టెలో పెట్టి మూత వేసింది. తెర మీద గీత ఒకటి పాకింది. కాస్త దూరం సాఫీగా వెళ్ళి, ఉన్నట్టుండి రెండు కొమ్ముల్లా పైకి లేచింది.

"ఇదిగోండి, మీ చెవిలో గుచ్చుకున్నది ఇదే. మీ పాత హుక్కు ఉందా?"

మేడం విరిగిన ముక్క ఇచ్చింది. డాక్టరమ్మ దాన్ని దీపం ముందు పట్టుకుని చూపించింది. గొట్టం లోపల ఆవగింజలో సగమంత జల్లెడ ఉంది.

"దీన్ని డాంపర్ అంటాం. శబ్దం మరీ పదునెక్కకుండా ఇది మెత్తబరుస్తుంది. కొత్తదాంట్లో ఇది లేదు. హుక్కంటే మిషన్‌ని తగిలించుకునే కొక్కెం మాత్రమే కాదండీ. శబ్దం వచ్చే దారి కూడా అదే. దారి మారితే శబ్దం మారిపోతుంది."

తర్వాత భూతద్దం కిందపెట్టి మిషన్ మెడ చూసింది. హుక్కు తిరిగి బిగుసుకునే మర కొంచెం అరిగింది. "దీని మర వేరు, ఆ హుక్కు మర వేరు. బలవంతంగా బిగించారు కదూ? ఇంకొన్నిసార్లు అలా తిప్పి ఉంటే మిషనే పోయేది."

మేడం చేతులు ఒళ్ళో పెట్టుకుని బుద్ధిగా వింది. "ఆ హుక్కు మీ దగ్గర దొరుకుతుందా?"

"లేదండీ. మా దగ్గరికి వచ్చేవన్నీ కొత్త మోడళ్ళవి."

"అయితే నేనే వెతుక్కుంటాను. ఏమడగాలో నేర్పండి."

డాక్టరమ్మ నవ్వింది. బయట ఇంకా జనం ఉన్నా, కుర్చీ దగ్గరికి లాక్కుని నేర్పింది. బ్యాటరీ తలుపు తీస్తే లోపల మోడల్ పేరు, అంకె ఉంటాయి. షాపువాళ్ళకి ముందు అది చెప్పాలి. హుక్కు మరతో తిరిగేదా, నొక్కితే పట్టేదా అని అడగాలి. లోపల డాంపర్ ఉందో లేదో వెలుతురులో తనే చూసుకోవాలి. ట్యూబుకి గోడ మందంగా ఉండాలి. మేడంకున్నంత చెవుడికి పలచటి గోడైతే శబ్దం బయటికి కారి మిషన్ ఈల వేస్తుంది. "సన్నటి తీగలాంటి ట్యూబు పెట్టిస్తామని ఎవరైనా అంటారు. చూడటానికి ముచ్చటగా ఉంటుంది. అది మీ మిషన్‌కి పట్టదు, మీ చెవికి చాలదు. ఒప్పుకోకండి" అని మరీ మరీ చెప్పింది. పాత ట్యూబు పసుపురంగుకి తిరిగి గట్టిపడిందనీ, హుక్కు దొరికితే ట్యూబూ తనే మారుస్తాననీ అంది.

ఆ తర్వాత మేడం, వదినగారు కలిసి ఊళ్ళో షాపులన్నీ జల్లెడ పట్టారు. వదినగారు ఫోన్లు చేసి కనుక్కుంటానంది. మేడం ఒప్పుకోలేదు. "ఫోన్లో అందరూ ఉందనే అంటారు వదినా. ముక్కని చేత్తో పట్టుకుని చూడాలి." ఆఫీసులో గుర్తుల క్లాసు అయిపోగానే ఇద్దరూ బస్సెక్కేవారు. కుడిచెవికి మిషన్ లేదు కాబట్టి వదినగారు ఎప్పుడూ ఎడమవైపే నడిచేది.

ఒక షాపులో నొక్కితే పట్టే హుక్కు ఇచ్చారు. ఇంకోచోట డాంపర్ లేనిది ఇచ్చారు. మరొకచోట టై కట్టుకున్నతను అద్దం తెచ్చి ముందుపెట్టి, సన్నటి ట్యూబు ఎంత అందంగా ఉంటుందో చూపించాడు.

"ఎవరికీ కనబడదు మేడం."

"నాకు వినబడాలి బాబూ. కనబడితే నష్టమేం లేదు."

"ఇది ఎలాగోలా సరిపోతుంది మేడం. నేను బిగించి ఇస్తాను."

"సరిపోవడం వేరు, సరిపెట్టుకోవడం వేరు. సరిపెట్టుకుని ఇంతకుముందే బస్సు కింద పడబోయాను" అని లేచింది.

వదినగారికి విసుగొచ్చింది. కాళ్ళు పీకుతున్నాయి. బస్టాపులో బెంచీ మీద కూలబడి, "అమ్మాయ్, నీది పట్టుదలో మొండితనమో నాకు తెలియడంలేదు" అంది. ఎడమచెవి దగ్గరికి వంగి, అక్షరం అక్షరం పలికింది కాబట్టి వినిపించలేదని తప్పించుకునే వీలు లేదు.

మేడం సంచిలోంచి విరిగిన ముక్క తీసి అరచేతిలో పెట్టుకుంది. తర్వాత అంది, "కారులో కూర్చున్నప్పుడు పక్కవాళ్ళ ప్రాణం నా చెవి మీద ఉంటుంది వదినా. ఆ పని నాకొచ్చు. అందులో నేను గట్టిదాన్ని. ఈ ముక్క దొరకలేదని దాన్ని వదులుకుంటే ఎప్పటికీ నా మీద నాకే కోపంగా ఉంటుంది."

వదినగారు లేచి చీర కుచ్చిళ్ళు దులుపుకుంది. "సరే పద. ఇంకో వీధి ఉంది."

ఆ ఇంకో వీధిలో, గడియారాల దుకాణం మీద మేడ గదిలో, వినికిడి మిషన్లు బాగుచేసే పెద్దాయన ఉన్నాడు. గది నిండా చిన్న చిన్న అట్టపెట్టెలు. ఆయనకే చెవుడు, రెండు చెవులకీ మిషన్లు. మేడం అడగడం మొదలుపెట్టగానే చేయెత్తి ఆపి, మిషన్ తీసుకుని బ్యాటరీ తలుపు తెరిచి చూశాడు.

"హుక్కు నా దగ్గర లేదమ్మా. కానీ ఈ మిషన్ ఇంకో పేరుతో కూడా అమ్మేవారు. ఒకే ఫ్యాక్టరీ, ఒకే ఒళ్ళు. మీద అతికించిన పేరే వేరు. మీ కంపెనీవాళ్ళు ఆపేశారు గానీ ఆ రెండో కంపెనీవాళ్ళు హుక్కులు ఇంకా ఇస్తున్నట్టున్నారు. ఆ పేరుతో అడిగి చూడండి."

పాత డబ్బాలోంచి రెండో పేరున్న మిషన్ ఒకటి తీసి, దాని చచ్చిపోయిన ఒంటికి ఉన్న హుక్కుని మేడం మిషన్‌కి ఎక్కించి చూపించాడు. సగం వేలితో తిప్పితే చాలు, వెన్నలో దిగినట్టు దిగింది. అదే ఇమ్మని వదినగారు అడిగింది. పెద్దాయన దాన్ని వెలుతురులో పెట్టి చూపించాడు. వంపు దగ్గర వెంట్రుక మందాన పగులు ఉంది. "ఇది ఇస్తే వారం తిరక్కుండా నన్ను తిట్టుకుంటూ వస్తారు" అన్నాడు.

మేడం నేరుగా మొదటి షాపుకే వెళ్ళింది. కౌంటర్లో అమ్మాయికి రెండో పేరు చెప్పింది. ఆ అమ్మాయి కంప్యూటర్లో ఆ పేరు కొట్టి, కళ్ళు పెద్దవి చేసి తెర ఇటు తిప్పింది. ఉంది. తెప్పించగలదు. "నాకు ఈ సంగతి తెలియదు మేడం" అంది. "నాకూ ఇవాళే తెలిసింది" అంది మేడం.

వారం తర్వాత పొట్లం వచ్చింది. కబురు అందగానే వదినగారు మిఠాయి కొనబోయింది. "చూశాక తిందాం" అంది మేడం. షాపులో పొట్లం విప్పి, హుక్కుని కిటికీ వెలుతురులో పట్టుకుని ఒక కన్ను మూసి చూసింది. గొట్టమంతా వెలుతురు అడ్డు లేకుండా నిండింది. జల్లెడ లేదు.

"మర సరిపోతుంది కదా మేడం, వాడి చూడండి" అని కౌంటర్లో అమ్మాయి బతిమాలింది.

"వెనక్కి పంపమ్మా. డాంపర్ ఉన్నది కావాలని రాయి."

మళ్ళీ ఎదురుచూపు. ఆఫీసులో బోర్డు ముందు నిలబడి ట్రాఫిక్ గుర్తులు చెబుతుంటే, కిటికీ బయటినుంచి తన కారు వెళుతూ కనిపించేదట. పక్కసీటులో వేరే మాస్టరు. వినిపించకపోయినా, బ్రేకు లైట్లు పదేపదే వెలగడం చూసి లోపల ఏం జరుగుతోందో ఊహించుకునేది. మందుల షాపాయన ఒకసారి ఆఫీసుకి వచ్చి తలుపు దగ్గర తచ్చాడాడు. వేరే మాస్టరు దగ్గర కూర్చోనని ఓనరుకి చెప్పాడట.

"ఎందుకండీ? నా వల్లే కదా అంత జరిగింది" అంది మేడం.

ఆయన గొంతు పెంచి మాట్లాడటానికి చాలా కష్టపడ్డాడు. "మీకు వినిపించకపోయినా మీ కాలు ఆపింది. ఆ తర్వాత తప్పు నాదేనని అనలేదు మీరు. నేను ఆగుతాను."

రెండో పొట్లం వచ్చింది. ఈసారి హుక్కు మెడలో ఆకుపచ్చ చుక్కలా డాంపర్ కనిపించింది. మేడం దాన్ని తీసుకుని నేలమాళిగకి వెళ్ళింది. డాక్టరమ్మ మర సరిచూసి బిగించింది. గోడ మందంగా ఉన్న కొత్త ట్యూబు అచ్చులోకి లాగి, మేడం చెవి మీదే కొలత పెట్టి కత్తిరించింది. పొడవైతే మిషన్ చెవి మీదనుంచి లేచిపోతుందట, పొట్టిదైతే అచ్చుని బయటికి లాగుతుందట. కొద్దిగా కోసి చూసి, మళ్ళీ ఇంకొద్దిగా కోసింది. కోసిన ముక్క మేడం చేతిలో పెట్టి, "అప్పుడప్పుడూ ట్యూబు ఇలాగే మెత్తగా ఉందా లేదా అని చూసుకోండి. గట్టిపడితే రండి" అంది.

పెట్టెలో పెడితే తెర మీద గీత కొమ్ములు లేకుండా పాకింది. తర్వాత డాక్టరమ్మ మేడం వెనక్కి వెళ్ళి నిలబడి, మెల్లగా మాటలు చెప్పింది. మేడం ఒక్కోటీ తిరిగి చెప్పింది. పడవ. గొడుగు. పోనా. ఆపనా. చివరి రెండూ చెప్పమని మేడమే ముందు అడిగింది. అవి వేరువేరుగా వినిపించినప్పుడు ఆవిడ కళ్ళు తుడుచుకోవడం డాక్టరమ్మ వెనకనుంచి చూడలేదు. తలుపు దగ్గర కూర్చున్న వదినగారు చూసింది.

అప్పటికీ ఆవిడ నేరుగా కారెక్కి నేర్పడం మొదలుపెట్టలేదు. ఓనర్ని స్టీరింగు దగ్గర కూర్చోబెట్టి, కిటికీలు దించి, రద్దీగా ఉండే రోడ్ల మీద తిప్పమంది. గొణుగుతూ మాట్లాడమంది. అతను సినిమా కబుర్లు, ఇంట్లో గొడవలు, నోటికొచ్చిందల్లా గొణిగాడు. మేడం ప్రతిదానికీ జవాబిచ్చింది. తిరిగొచ్చాక అతను తాళంచెవులు ఆవిడ చేతికిచ్చి, "మా ఆవిడ గురించి అన్నది మాత్రం మర్చిపోండక్కా" అన్నాడు.

మర్నాడు మందుల షాపాయన వచ్చాడు. ఏ మాటా లేకుండా సీటు సర్దుకున్నాడు. అదే రోడ్డు, అదే కూడలి. ఆయన రెండు పక్కలా చూసి, ఈసారి ఆయనే బస్సుని ముందు చూసి, "బస్సు పోయాక పోనా?" అని అడిగాడు. "మంచిది. పోయాక పోండి" అంది. కారు నిదానంగా దాటింది. ఆ తర్వాత కొన్నాళ్ళకి ఆయన పరీక్ష పాసయ్యాడు. ఇప్పుడు మందుల డెలివరీకి తనే బయల్దేరతాడు, కొంచెం నెమ్మదిగానే అయినా.

నేను నేర్చుకుంటున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం ఉక్కపోతగా ఉంది. చెరువు పక్క రోడ్డు మీద వెళుతుంటే మేడం ఉన్నట్టుండి, "పక్కకి తీసి ఆపండి" అంది. ఏం తప్పు చేశానో అనుకున్నాను. ఆవిడ కుడిచెవి అచ్చు తీసి, ట్యూబుని వెలుతురులోకి ఎత్తి చూపించింది. లోపల చెమట బొట్టు ఒకటి మెరుస్తూ అడ్డంగా నిలబడి ఉంది. హుక్కు దగ్గర ట్యూబు ఊడదీసి, చిన్న రబ్బరు బుడ్డితో రెండుసార్లు గాలి ఊదింది. బొట్టు ఎగిరి నా చొక్కా మీద పడింది. నేను తుడుచుకునేలోగా ట్యూబు తిరిగి తగిలించి, వంపు ఎటువైపు ఉందో వేలితో తడిమి చూసుకుని, అచ్చు చెవిలో కూర్చోబెట్టుకుంది.

"ఏదైనా మాట్లాడండి" అంది.

"వినిపిస్తోందా మేడం?" అన్నాను.

"వినిపిస్తోంది. అద్దం చూసుకోండి. వెనక సైకిలు వస్తోంది, అది పోయాక బయల్దేరదాం."